‘సూపర్వైజరీ’ అనే విశేషణం: చూపా, పెత్తనమా?

ఇంగ్లీషులో ‘సూపర్వైజరీ’ అని ఒక విశేషణం ఉంది. నిఘంటువు తెరిస్తే ఇందులో చిక్కేమీ కనబడదు. ‘పర్యవేక్షణకు సంబంధించిన’ అని ఉంటుంది. అనువాదం చేసే విద్యార్థి ఆ మాటను రాసుకుని తర్వాతి వాక్యానికి పోతాడు. కాని ఇదే విశేషణం కార్మిక చట్టంలో కనబడినప్పుడు దాని మీద ఒక మనిషి ఉద్యోగం ఆధారపడి ఉంటుంది. ఆ మనిషి చట్టం దృష్టిలో కార్మికుడా, కాడా అన్నది ఈ ఒక్క మాటకు చెప్పుకునే అర్థాన్ని బట్టి తేలుతుంది. అటువంటి మాటకు మనం తెలుగులో అలవాటుగా వాడుతున్న ‘పర్యవేక్షక’ అన్న రూపం ఎంతవరకు సరిపోతుందో ఈ వ్యాసంలో పరిశీలిస్తాం.

పరిశీలనకు వేలూరు, గుడియాత్తం ప్రాంతాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. మన పీఠంలో చదివేవారిలో ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలకు వెలుపల పెరిగినవారు. వేలూరు వైపు తెలుగు ఇళ్ళలో పుట్టిన విద్యార్థి ఇంట్లో తెలుగు, బడిలోనూ బజారులోనూ తమిళం, కాగితాల్లో ఇంగ్లీషు వాడతాడు. గుడియాత్తం అగ్గిపెట్టెలకు, లుంగీలకు, బీడీలకు పేరుపొందిన ఊరు. పాలారు ఒడ్డున వేలూరు నుంచి ఆంబూరు, వాణియంబాడి దాకా తోలు పరిశ్రమ, షూ కంపెనీలు ఉన్నాయి. వేలూరు పట్నంలో పెద్ద ఆసుపత్రి ఉంది. పని చేసేవాళ్ళూ, పని చూసేవాళ్ళూ ఇంత దగ్గరగా ఉన్న చోట ‘సూపర్వైజరు’ అన్న మాట ఎవరికీ కొత్త కాదు. దాని విశేషణ రూపం చేసే పని మాత్రం చాలామందికి తెలియదు.

చట్టంలో ఒకే మాట రెండుసార్లు

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ‘కార్మికుడు’ అన్న మాటకు ఇచ్చిన మొదటి నిర్వచనంలో చేతిపని, గుమస్తా పని చేసేవాళ్ళే ఉన్నారు. 1956 సవరణతో సాంకేతికమైన పనీ, ‘సూపర్వైజరీ’ పనీ చేసేవాళ్ళు కూడా అందులో చేరారు. అయితే అదే సవరణ మరో చేత్తో ఒక మినహాయింపు పెట్టింది. ‘సూపర్వైజరీ’ హోదాలో ఉండి నెలకు 500 రూపాయలకు మించి జీతం తీసుకునేవాడు కార్మికుడు కాడు. ఈ హద్దు 1984 నుంచి 1,600 రూపాయలు, 2010 నుంచి 10,000 రూపాయలు అయింది. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. అందులో హద్దు 18,000 రూపాయలు. అంకెలు మారాయి కాని విశేషణం మారలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఒకే విశేషణం ఒకే నిర్వచనంలో రెండు వేర్వేరు నామాలకు ముందు వచ్చింది. మొదటిసారి ‘పని’కి ముందు వచ్చి మనిషిని నిర్వచనంలోకి పిలుస్తుంది. రెండోసారి ‘హోదా’కు ముందు వచ్చి, జీతం హద్దు దాటితే అదే మనిషిని బయటికి పంపుతుంది. రెండు చోట్లా ‘పర్యవేక్షక ఉద్యోగి’ అని రాసేస్తే వాక్యం తనను తానే ఖండించుకున్నట్లు అవుతుంది. విద్యార్థుల అనువాదాల్లో తరచుగా కనబడే దోషం ఇదే. ‘పర్యవేక్షణ పని’ వేరు, ‘పర్యవేక్షణ హోదా’ వేరు. ముందుగా ఈ తేడా నిలబెట్టాలి.

దీనివల్ల ఏం పోతుందని అడగవచ్చు. ఒక ఉదాహరణ ఊహిద్దాం. గుడియాత్తం నుంచి రోజూ కంపెనీ బస్సులో షూ కంపెనీకి పోయి కుట్టుమిషను మీద పని చేసే ఒకామె ఉంది. పన్నెండేళ్ళ తర్వాత ఆమెను ‘లైన్ సూపర్వైజరు’ అన్నారు. జీతం 18,000 దాటింది. ఆమె ఇప్పటికీ మిషను మీద కూర్చుంటుంది. కాకపోతే పక్క పదిమంది కుట్టిన జతలు లెక్కపెట్టి సాయంత్రం కాగితం మీద రాసిస్తుంది. ఒకరోజు ఉద్యోగం లేదు పొమ్మన్నారు. ఆమె కార్మికురాలైతే పారిశ్రామిక వివాదం లేవనెత్తవచ్చు. రిట్రెంచ్‌మెంట్ అయితే ఒక నెల నోటీసు, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం అడగవచ్చు. ‘సూపర్వైజరీ’ హోదాలో ఉన్న మనిషి అని తేలితే ఆ తలుపులు మూసుకుంటాయి. కనుక ఆమె చేసే పని ఆ విశేషణానికి తగుతుందా, తగదా అన్నది ఆమెకు అన్నం సంగతి.

న్యాయస్థానాలు అడిగిన ప్రశ్న

ఈ ప్రశ్న మీద సుప్రీంకోర్టు చెప్పిన తీర్పులు చాలా ఉన్నాయి. వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే మాట స్వభావం బోధపడుతుంది. మొదటిది లాయిడ్స్ బ్యాంకు, పన్నాలాల్ గుప్తా కేసు. అందులో బ్యాంకు గుమాస్తాలు తమ పని ‘సూపర్వైజరీ’ స్వభావం గలదని తామే వాదించారు. శాస్త్రి అవార్డు ప్రకారం సూపర్వైజర్లకు ప్రత్యేక భత్యం వస్తుంది కనుక వాళ్ళకు ఆ మాట కావాలి. లెక్కలు, ఓచర్లు సరిగా ఉన్నాయో లేదో సరిచూడటం మాత్రమే ‘సూపర్వైజరీ’ పని కాదని కోర్టు తేల్చింది.

రెండోది ఆనందబజార్ పత్రిక కేసు. ఇక్కడ వాదం తలకిందులైంది. ఈసారి ఉద్యోగి సూపర్వైజరని అన్నది యాజమాన్యం. అతడు కార్మికుడు కాకుండా పోవాలన్నది దాని వాదం. అతడు ఒక చిన్న విభాగంలో పెద్ద గుమాస్తా. తోటి గుమాస్తాలకు పని పంచేవాడు. కాని అతని ముఖ్యమైన పని పుస్తకాలు రాయడం, లెక్కలు తయారుచేయడం. అటువంటి కొద్దిపాటి అదుపు అతణ్ణి సూపర్వైజరుగా మార్చదని కోర్టు చెప్పింది.

ఒక కేసులో ఉద్యోగికి ఆ మాట కావాలి, మరో కేసులో యాజమాన్యానికి కావాలి. రెండింటిలోనూ కోర్టు ఉద్యోగి పేరు చూడలేదు. అతడు ముఖ్యంగా చేసే పని ఏమిటి, ఇతరుల మీద అతనికి నిజంగా ఉన్న అధికారం ఎంత అని చూసింది. కళ్ళతో చూసినంత మాత్రాన చాలదు, చూసేవాడి మాట చెల్లాలి. మా పరిశీలనకు ఇదే కీలకం.

ఇది మన దేశానికే పరిమితమైన చిక్కు కాదు. మన చట్టం వచ్చిన 1947లోనే అమెరికాలో టాఫ్ట్–హార్ట్‌లీ చట్టం సూపర్వైజర్లను కార్మిక రక్షణల నుంచి బయటికి తీసింది. ఆ చట్టం విశేషణాన్ని నమ్ముకోకుండా పనిలో పెట్టుకోవడం, బదిలీ చేయడం, తొలగించడం, పని అప్పగించడం, శిక్షించడం వంటి 12 అధికారాలు వరసగా రాసింది. వాటిని స్వంత విచక్షణతో వాడాలని షరతు పెట్టింది. అయినా తగాదా తెగలేదు. 1994లోనూ, 2001లోనూ అక్కడి సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది నర్సుల సంగతే. వార్డులో తోటివారికి పని చెప్పే నర్సు సూపర్వైజరా, కాదా అన్నదే వివాదం.

వేలూరు విద్యార్థికి ఈ ఉదాహరణ దూరం అనిపించనక్కరలేదు. వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉద్యోగుల సంఘం వేసిన కేసులో 1987లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాజ్యాంగం 30వ అధికరణం కింద రక్షణ ఉన్న మైనారిటీ విద్యాసంస్థ అయినా పారిశ్రామిక వివాదాల చట్టం వర్తిస్తుందని ఆ తీర్పు సారాంశం. ఒక సంస్థకు చట్టం వర్తిస్తుందని తేలిన వెంటనే, అందులో ఎవరికి వర్తిస్తుందన్న ప్రశ్న వస్తుంది. అక్కడ మన విశేషణం కాచుకుని ఉంటుంది.

విశేషణం దాచిపెట్టేది

ఇప్పుడు వ్యాకరణం వైపు వద్దాం. చూడటం అనే క్రియకు ఇద్దరు కావాలి: చూసేవాడు, చూడబడేది. ఇంగ్లీషులో ఆ క్రియ నుంచి ‘సూపర్వైజరీ’ వంటి విశేషణం పుట్టగానే ఇద్దరూ వాక్యంలోంచి తప్పుకుంటారు. ‘సూపర్వైజరీ పని’ అన్నప్పుడు ఎవరు ఎవరిని చూస్తున్నారో చెప్పవలసిన బాధ్యత ఇంగ్లీషుకు లేదు. చూసేది మనుషులనా, యంత్రాలనా, కాగితాలనా? ఆ మాట పలకదు. లాయిడ్స్ బ్యాంకు తగాదా అంతా ఈ మౌనంలోంచి పుట్టిందే.

తెలుగు స్వభావం వేరు. మనకు ఇటువంటి సంబంధ విశేషణాలు దేశ్యంలో తక్కువ. క్రియాజన్య విశేషణంతో పని జరుపుకుంటాం. ‘పనివాళ్ళను చూసే మనిషి’, ‘సరుకు సరిచూసే పని’, ‘పదిమంది మీద అజమాయిషీ చేసే ఉద్యోగం’ అంటాం. ఈ నిర్మాణంలో కర్మ బయట పడుతుంది. ఎవరిని, దేన్ని, ఎవరి మీద అన్నది చెప్పకపోతే తెలుగు వినేవాడికి వెలితి తోస్తుంది. వివాదానికి కారణమైన ఖాళీని తెలుగు తనంతట తాను పూరించగలదు. ‘పర్యవేక్షక’ అని సంస్కృత రూపాన్ని అంటించగానే ఆ సౌకర్యం పోగొట్టుకుంటాం. ఇంగ్లీషులో ఉన్న మౌనమే తెలుగులోకి దిగుమతి అవుతుంది.

విభక్తి ప్రత్యయాలు కూడా సాక్ష్యమిస్తాయి. ‘పర్యవేక్షించు’ ద్వితీయను కోరుతుంది: పనిని పర్యవేక్షించారు. ‘అజమాయిషీ’, ‘పెత్తనం’ మాత్రం ‘మీద’ను కోరుతాయి: మా మీద అజమాయిషీ, మా మీద పెత్తనం. ‘ను’ చేర్చినప్పుడు చూపు వస్తువును తాకుతుంది. ‘మీద’ వచ్చినప్పుడు ఒకరు పైన, మరొకరు కింద ఉంటారు. ఇక ‘చూసుకొను’ అంటే బాధ్యత వస్తుంది. పిల్లను చూడటం వేరు, పిల్లను చూసుకోవడం వేరు. ‘కనిపెట్టుకొని ఉండటం’ అన్నా ఇటువంటిదే. చట్టం ఒకే మాటలో ఇరికించిన తేడాలను మన క్రియలు, ప్రత్యయాలు ఎప్పటినుంచో విడివిడిగా పెట్టుకున్నాయి.

కన్ను పెత్తనమైన చరిత్ర

లాటిన్‌లో ‘సూపర్’ అంటే పైన, ‘విదేరె’ అంటే చూడటం. తమిళంలో ‘మేర్పార్వై’ అన్న మాట ఈ కూర్పుకే సరితూగుతుంది: మేల్, పార్వై, పైన, చూపు. వేలూరు విద్యార్థి ఈ మాటను చూసి తెలుగులో ‘పైచూపు’ అని కల్పించబోతే ఒక చిక్కుంది. తెలుగులో ‘పైపైన చూడటం’ అంటే సరిగా చూడకపోవడం. ఇంగ్లీషులో ‘ఓవర్‌సైట్’ అన్న నామానికీ ఈ రెండు ముఖాలున్నాయి. అమెరికా చట్టసభల్లో ‘ఓవర్‌సైట్ కమిటీ’ అంటే ప్రభుత్వాన్ని కనిపెట్టి ఉండే సంఘం. ఇంట్లో ‘అది నా ఓవర్‌సైట్’ అంటే నా పరాకు. మన ‘పరాకు’ కూడా అటువంటిదే. ‘పరాకుగా ఉన్నాడు’ అంటే ఏమరుపాటు. ‘బహుపరాక్’ అంటే జాగ్రత్త అని హెచ్చరిక. చూపుకు సంబంధించిన మాటలు ఇలా రెండు వైపులా ఒరగడం ఏ భాషకూ కొత్త కాదు.

సంస్కృతంలో ‘పర్యవేక్షణ’ కూర్పు పరి, అవ, ఈక్షణ. చుట్టూ తిరిగి కిందికి పరికించి చూడటం. ఇందులో పెత్తనం లేదు, శ్రద్ధ ఉంది. పైనుంచి చూసే కన్నుకు సరిగ్గా సరిపోయే సంస్కృత పదం మరొకటి ఉంది: ‘అధ్యక్ష’. అధి అంటే పైన, అక్ష అంటే కన్ను. కౌటిల్యుని అర్థశాస్త్రంలో రెండో అధికరణం పేరు అధ్యక్షప్రచారం. గనులు, నేత, సుంకం వంటి శాఖలను చూసే అధికారుల విధులు అందులో ఉన్నాయి. గ్రీకులో బిషప్పుకు ఉన్న పేరు ‘ఎపిస్కోపోస్’ కూడా పైనుంచి చూసేవాడనే. తెలుగు బైబిలు దాన్ని ‘అధ్యక్షుడు’ అనే అనువదించింది. ఈనాడు ‘అధ్యక్షుడు’ అంటే ఎవరికీ కన్ను గుర్తురాదు, కుర్చీ గుర్తొస్తుంది.

‘కంగాణి’ కథ కూడా ఇంతే. తమిళంలో ‘కణ్’ అంటే కన్ను. కంగాణి అంటే కళ్ళతో కనిపెట్టి ఉండేవాడు. సిలోను, మలయా తోటల్లో అతడు కూలీలను ఊళ్ళనుంచి తీసుకుపోయేవాడు, అప్పు ఇచ్చేవాడు, పని చేయించేవాడు. మలయాకు నైపుణ్యం లేని కూలీల వలసను 1938లో భారత ప్రభుత్వం ఆపేదాకా ఆ ఏర్పాటు సాగింది. బర్మాకు పోయిన తెలుగు కూలీలకు ఆ స్థానంలో ఉన్నవాడు ‘మేస్త్రీ’. ఈ మాట పోర్చుగీసు ‘మెస్త్రె’ నుంచి వచ్చింది. దాని మూలార్థం పనితనం తెలిసిన గురువు. ఒక మాట కన్ను నుంచి బయలుదేరింది, మరొకటి నేర్పు నుంచి బయలుదేరింది. రెండూ చేరింది కూలీ నెత్తిమీది అధికారానికే. కళ్ళు నెత్తికెక్కాయని తెలుగువాడు ఊరికే అనలేదు.

‘అజమాయిషీ’ పారసీక పదం. అక్కడ దాని అర్థం పరీక్ష. మద్రాసు రాజధానిలో గ్రామ లెక్కలను, పైరును పై అధికారి వచ్చి సరిచూడటానికి ఈ మాట స్థిరపడింది. సరిచూడటం నుంచి అదుపుకు మాట జరిగింది. ‘తనిఖీ’ మాత్రం ఇప్పటికీ సరిచూడటం దగ్గరే నిలిచింది. తనిఖీ చేసేవాడు వచ్చి పోతాడు, అజమాయిషీ చేసేవాడు అక్కడే ఉంటాడు. ‘పెత్తనం’ పెద్దతనం నుంచి వచ్చినా పెద్దరికంలో ఉన్న మర్యాద దానిలో మిగల్లేదు.

ఉత్తరార్కాటు జిల్లాకు ఈ పదజాలంలో సొంత వాటా కూడా ఉంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా వేలూరు, గుడియాత్తం, తిరుపతి ఆ ఒక్క జిల్లాలోనే ఉండేవి. 1843లో ఈస్టిండియా కంపెనీ తిరుమల ఆలయ నిర్వహణను హాథీరాంజీ మఠం మహంతుకు అప్పగించినప్పుడు ఆ పదవికి వాడిన మాట ‘విచారణకర్త’. మహంతుల నిర్వహణ 1933 దాకా సాగింది. అక్కడ విచారణ అంటే బాగోగులు చూసుకోవడం. ఈనాడు ‘విచారణ’ అంటే పోలీసులో, కోర్టో గుర్తొస్తాయి. ఒక బాధ్యత మాట ఒక అధికారపు మాటగా మారడానికి నూరేళ్ళు చాలాయి.

ఈ ఉదాహరణలన్నీ ఒకే దారి చూపుతున్నాయి. చూపును తెలిపే మాట ఉద్యోగం పేరు కాగానే క్రమంగా అధికారాన్ని తెలుపుతుంది. ఇంగ్లీషు ‘సూపర్వైజరీ’ కూడా ఆ దారినే నడిచింది. చట్టంలో అది దాదాపు దారి చివరికి చేరిన మాట. మన ‘పర్యవేక్షక’ ఇంకా దారి మొదట్లో, శ్రద్ధగా చూడటం దగ్గర ఉంది. రెండింటి ధాతువుల అర్థం ఒకటే కావడం చూసి సమానార్థకాలు అనుకోవడంలోనే పొరపాటు ఉంది.

పాలారు ఒడ్డున మరో ఉదాహరణ

చూపు వేరు, అధికారం వేరు అన్నది ఉద్యోగాలకే పరిమితం కాదని చూపడానికి వేలూరు పేరుతోనే ప్రసిద్ధమైన ఒక కేసు ఉంది. తోలు శుద్ధి కర్మాగారాల వ్యర్థ జలం పాలారును, నేలను పాడుచేసిన సంగతి మీద వెల్లూర్ సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం వేసిన కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి నాయకత్వంలో ఒక అథారిటీని ఏర్పరచాలని ఆదేశించింది. నష్టాన్ని లెక్కకట్టడం, కలుషితం చేసినవారి నుంచి పరిహారం వసూలు చేయించడం ఆ అథారిటీ పని. అంటే అది చూసే సంఘం మాత్రమే కాదు.

దాదాపు ముప్ఫై ఏళ్ళకు, 2025 జనవరి 30న, పాలారు సంగతే మళ్ళీ ఆ కోర్టు తీర్పులోకి వచ్చింది. ఈసారి కేసు వేసిన సంస్థ పేరులోనే ‘మానిటరింగ్’ కమిటీ అని ఉంది. లాటిన్‌లో ఆ మాట మూలం హెచ్చరించడం. బడిలో క్లాసు లీడరును మానిటరు అన్నప్పుడు వాడికి ఉన్న అధికారం పేర్లు రాసివ్వడం వరకే. శిక్షించేది అయ్యవారు. కోర్టు ఈసారి కూడా విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన ఒక సంఘం వేయమంది, తన ఆదేశాలు అమలవుతున్నాయో లేదో తానే చూస్తూ ఉంటానని కేసును తెరిచి ఉంచింది. నది పక్కన ఉండే రైతుకు ఈ సంఘాల పేర్లలో ఏ విశేషణం ఉందన్నది ముఖ్యం కాదు. చూసినదాని మీద చర్య తీసుకునే బలం ఎవరికుందన్నదే ముఖ్యం. అనువాదకుడు కూడా ఆ రైతులాగే అడగాలి.

మన రాజ్యాంగం ఈ జాగ్రత్త పాటించింది. ఎన్నికల సంఘం గురించి చెప్పే 324వ అధికరణంలో చూడటం, దారి చూపడం, అదుపు చేయడం అని మూడింటినీ విడివిడిగా పేర్కొంది. మొదటి మాటలో మిగతా రెండూ ఇమిడి ఉంటాయని అనుకోలేదు.

ఒక ఆక్షేపణ

మా వాదానికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. ‘సూపర్వైజరీ హోదా’ను ‘పనివాళ్ళ మీద అధికారం ఉన్న హోదా’ అని అనువదిస్తే, కోర్టు వాస్తవాలు చూసి తేల్చవలసినదాన్ని అనువాదకుడు ముందే తేల్చినట్లు కాదా? ఔను, అవుతుంది. చట్టం పాఠాన్ని తెలుగు చేసేటప్పుడు మూలంలోని అస్పష్టతను అలాగే ఉంచడం అనువాదకుడి ధర్మం. అక్కడ ‘పర్యవేక్షణ పని’, ‘పర్యవేక్షణ హోదా’ అనే జంటను మార్చకుండా వాడాలి. ఒకచోట ఒక మాట, మరోచోట మరో మాట పెట్టి అందం చూసుకోకూడదు. ‘పర్యవేక్షక’ అని కర్తృరూపం వాడటం కన్నా ‘పర్యవేక్షణ’ అని భావరూపం వాడటం మేలు. మొదటిది మనిషి మీద ముద్ర వేస్తుంది, రెండోది పనిని చెబుతుంది.

కాని అనువాదం చట్టం పుస్తకాలకే పరిమితం కాదు. నియామకపు ఉత్తరువును అక్కకు చదివి చెప్పే తమ్ముడూ అనువాదకుడే. సంఘం కరపత్రం రాసేవాడూ, కోర్టులో సాక్షి మాటను ఇంగ్లీషులోకి చెప్పేవాడూ అనువాదకులే. గుడియాత్తంలో బీడీలు చుట్టే మనిషి “మా మేస్త్రీ చూస్తాడు” అని చెబితే దాన్ని ‘సూపర్వైజ్’ అని వెంటనే రాయరాదు. ఆ మేస్త్రీ చుట్టిన కట్టలు లెక్కపెట్టుకుని పోతాడా? బాగాలేని బీడీలు ఏరి పక్కన పడేసి కూలి తగ్గిస్తాడా? రేపటినుంచి రావద్దని చెప్పగలడా? తెలుగులో ‘చూస్తాడు’ అన్న ఒక్క మాటలో ఈ మూడూ ఇమిడిపోతాయి. మన భాష ఎప్పుడూ స్పష్టంగా ఉంటుందని మేము అనడం లేదు. స్పష్టం చేసుకునే సాధనాలు దాని దగ్గర ఉన్నాయని మాత్రమే అంటున్నాం.

బీడీలు ఏరే మనిషి సంగతి కొంచెం ఆలోచించదగ్గది. సరిచూడటం ‘సూపర్వైజరీ’ పని కాదన్న సూత్రం ప్రకారం అతడు సరుకును చూస్తున్నాడు, మనుషులను కాదు. అయితే అతడు పక్కకు తోసిన ప్రతి కట్టా ఒక ఇంటి కూలిలోంచి తెగుతుంది. సరుకు మీద చూపు మనిషి మీద అధికారంగా పనిచేసే చోటు ఇది. అక్కడ ‘తనిఖీ’ అని రాయాలా, ‘అజమాయిషీ’ అని రాయాలా అన్నదానికి నిఘంటువు సమాధానం చెప్పదు. ఆ కట్టను తోసేసే నిర్ణయం అతనిదేనా, లేక ఇంకెవరో పెట్టిన కొలత ప్రకారం తోస్తున్నాడా అని కనుక్కోవాలి.

విద్యార్థులకు మేము సూచించేది ఇంతే. ‘సూపర్వైజరీ’ అన్న మాట ఎదురైనప్పుడు తెలుగు సమానార్థకం కోసం వెతకడానికి ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. చూడబడేది మనుషులా, వస్తువులా? చూసినవాడు చూసినదాన్ని పైకి చెప్పడమేనా, తానే ఏమైనా చేయగలడా? చేసే పక్షంలో ఆ నిర్ణయం అతనిదా, మరొకరిదా? జవాబులను బట్టి తనిఖీ, పర్యవేక్షణ, అజమాయిషీ, పెత్తనం అనే నాలుగు మాటలలో తగినది దొరుకుతుంది. దొరకని చోట ‘ఫలానావాళ్ళ పని చూసే’ అని క్రియతో విప్పి రాయడంలో చిన్నతనమేమీ లేదు.

వేలూరు ప్రాంతపు విద్యార్థికి ఈ పనిలో ఒక సౌలభ్యం ఉంది. మేర్పార్వై, కంగాణి, మేస్త్రీ, అజమాయిషీ, సూపర్వైజరు అన్నీ అతని చెవికి పరిచయమైన మాటలే. కోస్తాలోనో హైదరాబాదులోనో చదివే విద్యార్థి వీటిలో కొన్నింటిని పుస్తకంలో నేర్చుకోవాలి. తెలుగు గడ్డకు దూరంగా ఉన్నామన్న చింతతో మన విద్యార్థులు పత్రికల్లో కనిపించే సంస్కృత సమాసాలను ప్రమాణమనుకుని, తమ ఇంటి మాటలను నామోషీగా దాచుకుంటున్నారు. షూ కంపెనీలో ఆ లైన్ సూపర్వైజరమ్మ కాగితాన్ని రేపు చదివి చెప్పవలసింది వీళ్ళే. ‘పర్యవేక్షకురాలు’ అని ఆమెకు చెబితే గౌరవంగా వినబడుతుంది, అంతకు మించి ఏమీ తెలియదు. “పదిమంది మీద నీకు పెత్తనం ఉందని ఇందులో రాశారమ్మా, ఉందా?” అని అడిగితే ఆమె తన పని సంగతి తానే చెబుతుంది. ఆమె కేసు కూడా అక్కడినుంచే మొదలవుతుంది.